నూనె మరకల వార్తలు

టీవీలో వార్తల మీద వేళాకోళం చేసే కార్యక్రమం మొదలైతే మా ఇంట్లో అందరూ పనులు ఆపి వచ్చి కూర్చుంటారు. నేను లేచి వరండాలోకి వెళ్ళిపోతాను. నాకు హాస్యం గిట్టదని వాళ్ళ అభిప్రాయం. ఇన్నేళ్ళూ నేను కాదనలేదు. అసలు సంగతి వేరు. ఆ తెరలో కనిపించే ముఖం ఎవరిదైనా సరే, నాకు దాని మీద కడుపుమంట. ఆ మంట అంటుకున్నది ఒమాన్‌లో, రుసైల్‌లో, తొంభైల మొదట్లో.

అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో సిమెంటు ఇటుకలు పోసే కంపెనీ మాది. దాని యజమానిని అందరూ అర్బాబు అనేవాళ్ళు. నేను టైమ్ ఆఫీసులో కూర్చుని హాజరు రాసేవాణ్ణి. ఇంటర్ చదివాను కాబట్టి క్యాంపులో అందరికీ నేను ‘సారు’ని. నాకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు, నేను వద్దనేవాణ్ణి కాదు. క్యాంపులో ఉన్నవాళ్ళు చాలామంది మా ఉత్తర తెలంగాణ పల్లెల వాళ్ళే. అందులో సగం మందిని పంపింది ఒకే ఏజెంటు. డ్రైవర్ ఉద్యోగమని చెప్పి విమానం ఎక్కించాడు. దిగాక చేతికి ఇటుకల అచ్చు ఇచ్చారు.

తెలుగు పేపరు మాకు ఎక్కడా దొరికేది కాదు. అది మాకు తొక్కు చుట్టుకుని వచ్చేది. సెలవు మీద ఊరికి పోయినవాడు తిరిగొచ్చేటప్పుడు తల్లో పెళ్ళామో మామిడికాయ తొక్కు కట్టి ఇస్తుంది కదా, నూనె కారకుండా కవరు మీద నాలుగైదు పేపర్లు బిగించి చుడుతుంది. అందరూ తొక్కు చుట్టూ మూగితే నేను కాగితాల కోసం చేయి చాచేవాణ్ణి. వాటి మీద ముఖానికేసుకునే పౌడరు చల్లి, నూనె పీల్చుకున్నాక దులిపి, పరుపు కింద పెట్టి చదును చేసేవాణ్ణి. తేదీ చిరిగిపోయిన కాగితాలను వర్షం కబుర్లను బట్టీ, పంటల ధరలను బట్టీ వరసలో పెట్టేవాణ్ణి. ఎండాకాలం తొక్కుల రోజుల్లో మాకు వార్తలు ఎక్కువ, మిగతా కాలమంతా కరువే.

శుక్రవారం మధ్యాహ్నం తిండి తిన్నాక, మెస్ పక్కన రేకుల నీడలో కుర్చీ వేసుకుని ఆ కాగితాలు పైకి చదివేవాణ్ణి. జిల్లా పేజీలంటే నాకు ప్రాణం. చదివిన ప్రతిదానికీ వివరణ ఇచ్చేవాణ్ణి. దూరదేశంలో ఉన్నా మన ఊరి రాజకీయం మనకు తెలిసుండాలని, అడిగేవాడు లేకపోతే పెద్దమనుషులు మనల్ని అమ్మేస్తారని ప్రతి వారం చెప్పేవాణ్ణి. పదిహేను మంది దాకా వచ్చేవాళ్ళు. సగంమంది గోడకు జారబడి నిద్రపోయేవాళ్ళు. అయినా నాకు తృప్తిగానే ఉండేది. వినేవాళ్ళకు నేను తప్ప దిక్కులేదు.

ఆ ఏజెంటు మీద కలెక్టరుకు ఒక దరఖాస్తు కూడా రాశాను. నాలుగు పేజీలు, నా చేతిరాతలో, కొట్టివేత లేకుండా. ఇంకెవరినీ ఇలా పంపకుండా వాణ్ణి ఆపమని. ఎక్కువమంది సంతకాలుంటేనే కలెక్టరు పట్టించుకుంటాడని నా నమ్మకం. ఆర్నెల్లు తిప్పితే ఇద్దరు పెట్టారు. అందరికీ భయమే. ఏజెంటు మా మండల ప్రెసిడెంటు మనిషి. ఊళ్ళో పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు ప్రెసిడెంటుతో గొడవ ఎందుకు పెట్టుకుంటారు? ఆ ఇద్దరిలో ఒకడు నా కింది మంచం అతను. అతని బామ్మర్ది పాస్‌పోర్టు అప్పటికే ఆ ఏజెంటు చేతిలో ఉంది. దరఖాస్తు వేగంగా పోవాలని అతని ఆరాటం. రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు, "ఎంతమంది అయిండ్రు సారు?" అని అడిగేవాడు. ఇద్దరే అని చెప్పడానికి నాకు సిగ్గేసేది.

అప్పుడు వచ్చాడతను. నలభై దాటిన మనిషి, సెంట్రింగ్ పని, సోహార్ సైట్ అయిపోతే మా క్యాంపుకు మార్చారు. బట్టతల, ముందుపళ్ళ మధ్య సందు. అక్షరం ముక్క రాదు. నేను సారునైతే, అతను వచ్చిన నాటి నుంచే అందరికీ ‘అన్న’. వచ్చిన రెండో వారమే నా దగ్గరికొచ్చి, "సారు, నాకు కూసోని ఇనుడు సేతగాదు. బేస్తారం పొద్దుగూకంగ నాకొక్కనికి సదివి ఇనిపించరాదు?" అని అడిగాడు. పొంగిపోయాను. బేస్తవారం సాయంత్రం వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చునేవాడు. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. ఒక్కసారి వింటే చాలు, అంకెలతో సహా మనసులో ఉండిపోయేది. శిష్యుడు దొరికాడనుకున్నాను.

మూడో శుక్రవారం, నా చదువు అయ్యాక, అతను స్క్రాపు యార్డు నుంచి పాడైన టీవీ చెక్కడబ్బా ఒకటి మోసుకొచ్చాడు. లోపల గొట్టం లేదు, గాజు లేదు. దాన్ని రెండు పెయింటు డబ్బాల మీద నిలబెట్టి, వెనక చతికిలబడి, తల అందులో పెట్టాడు. గరిటెతో పళ్ళెం మీద మూడు దెబ్బలు కొట్టి గొంతు సవరించుకున్నాడు.

"వార్తలు. సదువుతున్నది సదువు రానోడు. మన మండల ప్రెసిడెంటు సారు మల్ల బోరింగు ప్రారంభం జేసిండు. అదే బోరింగు. ఇది నాలుగోసారి. నీళ్లెప్పుడొస్తయి సారూ అని అడిగితె, ముందుగాల్ల ఫొటో రానీయుండ్రి అన్నడు."

నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చున్నారు.

"ఏజెంటు సారు ఈ వారం ఇంకో పదిమంది డ్రైవర్లను పంపిండు. వాళ్లు రుసైల్ల ఇటుకలు నడుపుతున్నరు. ఇటుకలకు బిరేకులు లెవ్వని ఒకడు ఫిర్యాదు జేస్తె, అర్బాబు వానికి హారన్ ఇప్పిస్తనన్నడు."

మెస్‌లో వంట చేసేవాళ్ళు గరిటెలతోనే బయటికొచ్చారు. పక్క క్యాంపు మలయాళీలు మాట అర్థం కాకపోయినా నవ్వారు. నవ్వి నవ్వి ఒకడు దగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. ఆ రెండు వార్తలూ, ఒకటి పేపరులోది, ఒకటి నా దరఖాస్తులోది, నేను ముందురోజు సాయంత్రం అతనికి చదివినవే. ఒక గంట ముందు ఇదే జనానికి చదివినవే. నేను చదివినప్పుడు ఒకడు ఈగను తోలుకున్నాడు, అంతే.

తర్వాతి శుక్రవారం నా చదువుకు ఏడుగురు వచ్చారు. అతని వార్తలకు మెస్ ముందు చోటు చాలలేదు. నేను వండిపెడితే అతను వడ్డించి పేరు కొట్టేస్తున్నాడనిపించింది. రాజకీయం నవ్వులాట అయిపోతే ఇక ఎవడికీ బాధ్యత ఉండదని కనబడ్డవాడికల్లా చెప్పాను. ఆ మాట నేను నిజంగానే నమ్మానో, నాకు ఒక సాకు కావలసి వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఒకసారి నేనూ ఒక జోకు తయారు చేసుకుని, బాత్రూమ్ అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుని, చదువు మధ్యలో వేశాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మర్యాదగా, "తర్వాత ఏమైంది సారు?" అన్నాడు. ఆ మర్యాద నన్ను వారం రోజులు పీడించింది.

నా మాట తప్పని కొద్దిరోజుల్లోనే తేలిపోయింది. హాజరు రాసే కిటికీ దగ్గరికి ఒక్కొక్కడే రావడం మొదలుపెట్టాడు. "సారు, కలెక్టరు మన ప్రెసిడెంటు కన్న పెద్దనా?" "బోరింగుకు సర్కారు ఇచ్చిన పైసలు యాడ పాయె సారు? అది అడిగెతందుకు మనకు హక్కున్నదా?" ఏళ్ళ తరబడి నేను వివరించినవే ఇవన్నీ. ఇప్పుడు కొత్తగా విన్నట్టు అడుగుతున్నారు. ప్రెసిడెంటును చూసి నవ్వాక, అతనంటే ఉన్న భయం ఎటు పోయిందో పోయింది. ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ ఒకాయన కిటికీలోంచి చేయి పెట్టాడు. "ఆ కాయిదం యాడున్నది? నా పేరు గుడ రాయి." రెండు వారాల్లో నలభై ఒక్క పేర్లయ్యాయి. సంతకం రానివాళ్ళు స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది పెట్టారు. ఆ వేలిముద్రల వరసలో మొదటిది అతనిది.

నా కింది మంచం అతని ముఖం వెలిగిపోయింది. నేనూ సంతోషించాలి కదా. నేను కోరుకున్నదే జరిగింది. కానీ సంతకం పెట్టడానికి వచ్చిన ప్రతివాడూ అన్న మాట ఒకటే. "అన్న జెప్పిండు కద సారు." నాలుగు పేజీలు రాసింది నేను. దాన్ని క్యాంపులో అందరూ ‘అన్న కాయిదం’ అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పళ్ళ మధ్య సందున్న ఆ ముఖం ఒక్కసారి జనం ముందు తెల్లబోతే చూడాలనిపించేది.

దరఖాస్తును చేత్తో తీసుకుపోయి ఇవ్వాలని పట్టుబట్టింది నేనే. పోస్టులో వేస్తే ఏ గుమాస్తా బుట్టలోనో పడుతుందని నా భయం. మంగళవారం ఒకతను సెలవు మీద ఊరికి పోతున్నాడు, తీసుకుపోతానని ఒప్పుకున్నాడు. ఆ ముందు బుధవారమే ఇంకొకతను, మా ప్రెసిడెంటు ఎవరో తెలియని పక్క మండలం వాడు, సెలవు ముగించుకుని తొక్కుతో దిగాడు. ఆ కాగితాల్లో రెండు జిల్లా పేజీలు నాకు దొరికాయి. ఒకదాంట్లో ప్రెసిడెంటు అదే బోరింగు దగ్గర దండ వేయించుకుంటున్న ఫొటో ఉంది. రెండోది దాని తర్వాతిది. దాని మూలన, నూనె మరక కింద, చిన్న వార్త. గుండెనొప్పి వచ్చి, ఆస్పత్రికి తీసుకుపోతుండగా ప్రెసిడెంటు చనిపోయాడు.

బేస్తవారం సాయంత్రం అతను వచ్చి నేల మీద కూర్చున్నాడు. మొదటి కాగితం చదివాను. రెండోది మడిచి పెట్టెలో బట్టల కింద పెట్టాను.

ఎందుకు పెట్టానంటే, అతను ఒక్కసారి తప్పులో కాలెయ్యాలని. చచ్చిన మనిషిని బతికున్నట్టు వెక్కిరిస్తాడు, వచ్చే వారం నేను కుర్చీలో కూర్చుని అసలు వార్త చదువుతాను, అప్పుడు తెలుస్తుంది జనానికి, ఎవరి దగ్గర వార్త ఉందో ఎవరి దగ్గర ఉత్త కూతలున్నాయో. నా లెక్క ఇంతవరకే. ఇంతకంటే పెద్ద దుర్మార్గం ఆలోచించానని చెప్పుకుంటే కొంచెం గౌరవంగా ఉండేదేమో.

శుక్రవారం మెస్ ముందు జనం నిండిపోయారు. నేను కూడా వెనక నిలబడ్డాను. అతను దండ బదులు ఉల్లిగడ్డల తాడు మెడలో వేసుకుని, డబ్బాలో తల పెట్టాడు. బోరింగుకు ఐదో ప్రారంభం జరిపించాడు. జనం పళ్ళేలు కొట్టి కేరింతలు పెట్టారు. ఆఖర్న చేతులు జోడించి అన్నాడు.

"మన ప్రెసిడెంటు సారు నూరేండ్లు సల్లగ బతకాలె. ఎందుకంటె బోరింగుల ఇంక నీళ్లు రాలే."

నవ్వు పెద్దగా లేచింది. ఆ నవ్వులోనే ఒక మనిషి నిలబడ్డాడు. మిక్సర్ దగ్గర పని చేసేవాడు, నెమ్మదస్తుడు. ప్రెసిడెంటు అతనికి వరసకు మేనమామ అవుతాడని మాకెవరికీ తెలియదు. బుధవారం తొక్కుతో దిగినతను ఇతనికి తల్లి మాటలు నింపిన క్యాసెట్టు తెచ్చిచ్చాడు. మధ్యాహ్నం అది విని, సగంలోనే ఆపేసి వచ్చాడు.

"ఆయన సచ్చిపోయిండు. ఇంక దినాలు గుడ కాలే. మీరు నూరేండ్లని నవ్వుతుండ్రా?"

పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. డబ్బాలో ముఖం అలాగే ఉంది. కళ్ళు మాత్రం జనాన్ని దాటుకుని నా దగ్గర ఆగాయి.

"సారూ?" అన్నాడు.

"నాకు తెలువది" అన్నాను.

నేను కోరుకున్నట్టే ఆ ముఖం తెల్లబోయింది. నాకు ఏమీ దక్కలేదు. అతను తల బయటికి తీసి, ఉల్లిగడ్డల తాడు తెంపి కింద పెట్టి, ఆ మనిషి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "తెల్వక జేసిన తమ్మీ. నాదే తప్పు" అన్నాడు. నా పేరు ఎత్తలేదు.

శనివారం పొద్దున మేనల్లుడు వచ్చి దరఖాస్తులో తన పేరు కొట్టేయించాడు. అతని వెనక అతని రూమ్ వాళ్ళు. చచ్చినవాడి మనిషి మీద, చావు ఇంట్లో దీపం ఆరకముందే, ఫిర్యాదు ఏమిటన్నారు. పాపం తగులుతుందన్నారు. నేను కొట్టేస్తూ పోయాను. కొట్టివేత లేకుండా రాసిన కాగితం మీద గీతలు నిండిపోయాయి. సోమవారానికి ఐదు పేర్లు మిగిలాయి. సెలవు మీద పోయేవాడు మంగళవారం పొద్దున పెట్టె తాళ్ళు బిగిస్తూ, "నన్ను ఆగం జేయకు సారు. నేను ఆ ఊళ్లె తిరగాలె" అని కాగితం తిరిగిచ్చేశాడు. ఐదు పేర్లతోనైనా పోస్టులో వేసి ఉండవచ్చు. నా కింది మంచం అతను అదే అడిగాడు. "అయిదుగురైతేంది సారు, ఎయ్యి. కలెక్టరు ఒక్కడన్న సదువుతడు." ఐదు పేర్లతో పోతే పరువు తక్కువని నేను వేయలేదు.

ఆ వారమంతా క్యాంపు నోరు మూసుకుంది. టీవీ డబ్బాను ఎవరో గోడవైపు తిప్పి పెట్టారు. కిటికీ దగ్గరికొచ్చి ప్రశ్నలడిగే వాళ్ళు లేరు. శుక్రవారం నా చదువుకు నలుగురు వచ్చారు. పేకాట గుంపు మళ్ళీ పెద్దదైంది. నా కుర్చీ నాకు తిరిగొచ్చింది గానీ, అందులో ఐదు నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను.

లేచి వెళ్ళి డబ్బాను ఇటు తిప్పాను. పెట్టెలోంచి తెచ్చిన ఆ కాగితం చేతిలో ఉంది. వెనక చతికిలబడి తల లోపల పెట్టాను. గరిటె లేకపోతే చేత్తోనే చెక్క మీద కొట్టాను. పేకాట వాళ్ళు తలలు తిప్పారు. నాకు వచ్చిన గొంతు ఒకటే కదా, రేడియో గొంతు, దాంతోనే మొదలుపెట్టాను.

"వార్తలు. ముందుగా ఒక సవరణ. గత శుక్రవారం ఈ డబ్బాలోంచి చదివిన వార్తలో తప్పు దొర్లింది. ఆ తప్పు చదివిన మనిషిది కాదు. ప్రెసిడెంటు గారు చనిపోయారని నాకు రెండు రోజుల ముందే తెలుసు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కాగితం పైకెత్తి చూపించాను.

"ఈ కాగితాన్ని నేను నా లుంగీల కింద దాచాను."

ఆ మాటకు పేకాట ఆగిపోయింది. జనం లేచి వచ్చారు. "సారు గుడ జోకులు ఏస్తుండురా!" అని ఎవడో కేక పెట్టాడు. నేను ఆపలేదు. ఆపాలని తెలియలేదు. ఆ మనిషిని చూసి ఓర్వలేకపోయాననీ, అద్దం ముందు జోకులు నేర్చుకున్నాననీ, ఎవరూ నవ్వకపోతే ఏడుపొచ్చిందనీ ఒకదాని వెనక ఒకటి చెప్పేశాను. ప్రతి మాటకూ నవ్వు పెద్దదవుతోంది. ఒకడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. వారం రోజులుగా మూతి బిగించుకున్న మేనల్లుడు కూడా పక్కవాడి భుజం పట్టుకుని, "ఇగ సాలు సారు, కడుపు నొస్తున్నది" అన్నాడు. ఒట్టు, నిజం చెబుతున్నాను అన్నాను. అప్పుడు మెస్ ముందు పళ్ళేలు మోగాయి.

అన్నేళ్ళు నేను ఆశపడ్డ నవ్వు అదే. అచ్చం అతనికి వచ్చినంత నవ్వు. ఒక్క క్షణం, దాచడమెందుకు, బాగుందనిపించింది కూడా.

అతను కుళాయి దగ్గర పళ్ళెం కడుగుతున్నాడు. నవ్వలేదు. జనం చెదిరాక నా దగ్గరికొచ్చి, తడి చేతులు బనీనుకు తుడుచుకుని, కాగితాన్ని అందుకుని చూశాడు. చదవలేడు గానీ నూనె మరకను వేలితో తడిమాడు. అన్నాళ్ళూ నన్ను సారు అన్నవాడు, ఆ రోజు అనలేదు.

"నవ్వు ఆగెదాంక ఆగాలె తమ్మీ. నవ్వుతున్నప్పుడు జెప్తె నిజం గుడ నవ్వులనే వోతది."

కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ డబ్బాలో తల పెట్టలేదు. బేస్తవారం సాయంత్రాలు నా మంచం పక్కకూ రాలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున కంపెనీ వ్యాన్ నలుగురు కొత్తవాళ్ళను టైమ్ ఆఫీసు ముందు దింపింది. మూడోవాడు ముప్పై ఏళ్ళవాడు, బలంగా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో డ్రైవింగ్ లైసెన్సు నలగకుండా ప్లాస్టిక్ కవరులో. నా కింది మంచం అతను డ్యూటీ వదిలేసి పరుగెత్తుకొచ్చి, దూరంగానే ఆగిపోయాడు. వచ్చింది అతని బామ్మర్దే. నేను హాజరు పుస్తకంలో కొత్త పేరు రాస్తున్నాను. ఆ మనిషి కిటికీలోంచి లైసెన్సు లోపలికి జరిపి, వినయంగా అడిగాడు.

"సారు, నా బండి యాడున్నది?"

అక్కడ వరసలో నిలబడ్డవాళ్ళందరికీ పాత వార్త గుర్తొచ్చింది. "ఇటుకలకు బిరేకుల్లెవ్వు, సూసి నడుపు!" అని ఒకడన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. బామ్మర్ది కూడా, ఏమీ అర్థం కాక, మర్యాదకు నవ్వాడు. వరస చివర పళ్ళ మధ్య సందున్న మనిషి తల దించుకుని నిలబడ్డాడు. నవ్వనివాళ్ళం ముగ్గురం. నా కింది మంచం అతనూ, ఆ వార్తల మనిషీ, నేనూ. వాళ్ళిద్దరి బాధలో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ సంగతి నాకు ఆ కిటికీ దగ్గరే తెలిసొచ్చింది, తప్పు లేని ఆ బాధను చూసి కూడా నాకు ఈర్ష్యే కలిగింది.